సమాజమునకు గొప్ప సవాలు ఏది?





గత కార్తీక మాసమున మా తమ్ముని కుమార్తె మా యింటికి వచ్చి పది దినములు ఉండెను. ఆ బిడ్డ ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. అమెరికా దేశమునందలి కొన్ని విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపుకొనుచున్నది. వానిలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మొకటి. అచటివారు మార్కులు మాత్రమే చూచి ఊరకొనరు. విద్యార్థి మనస్సెట్టిదో తెలిసికొనుటకు కొన్ని చిన్న ప్రశ్నలు కూడ అడుగుదురు. అట్టి ప్రశ్నలలో ఒకటి ఇది: నేడు సమాజము ఎదుర్కొనుచున్న అత్యంత ముఖ్యమైన సవాలు ఏది? సమాధానము 50 మాటలకు మించరాదు.

ఆ బిడ్డ ఒక కాగితముమీద అయిదు విషయములు వ్రాసికొని నాయొద్దకు వచ్చినది. వాతావరణము వేడెక్కుట, నిరుద్యోగము, మనుష్యుని పనిని లాగికొనుచున్న కృత్రిమ మేధ, యుద్ధములు, కులభేదము. “పెదనాన్నా, వీటిలో ఏది రాయను?” అని అడిగినది.

నేను ముప్పది సంవత్సరములుగా పిల్లలకు వ్యాసరచన నేర్పుచున్నవాడను. ఏ మాత్రమును ఆలోచింపక, “వాతావరణం గురించి రాయమ్మా. అందరూ మెచ్చుకొనే విషయం. ఎవరినీ నొప్పించదు” అని చెప్పితిని. ఇన్నేండ్లుగా నా శిష్యులకు నేను చెప్పుచు వచ్చినది ఇదియే. పరీక్షాధికారికి నచ్చునది వ్రాయుము, సురక్షితమైనది వ్రాయుము అని. నీకు నిజముగా బాధ కలిగించునది వ్రాయుమని నేను ఒక్క విద్యార్థికైనను చెప్పినట్లు జ్ఞాపకము లేదు.

ఆ బిడ్డ మాటాడక లోనికి పోయినది. మరునాటి ఉదయమున అసలు ప్రశ్న వచ్చినది.

మా వీధి నూడ్చు పురపాలక సంఘపు పనిమనిషి మా పెరటి మురికికాలువను కూడ శుభ్రము చేసి పోవుచుండును. పదునాలుగు సంవత్సరములనుండి వచ్చుచున్నది. పని ముగిసిన పిదప మా యింటివారు ఆమెకు టీ పోయుదురు. ఆ టీ పోయుటకు ఒక సత్తు గ్లాసు కలదు. అది వంటయింటిలో ఉండదు. పెరటి గోడమీద బోర్లించియుండును. ఆమె దానిని తానే తీసికొని, తానే కడిగి, మరల అచటనే బోర్లించి పోవును.

“పెదనాన్నా, ఆ గ్లాసు గోడ మీద ఎందుకుంది?”

“అది ఆమెదమ్మా.”

“ఆమె తెచ్చుకున్నదా?”

“కాదు, మనమిచ్చినదే.”

“మరి లోపల ఎందుకు పెట్టరు?”

“మురికిపని చేసి వస్తుంది కదమ్మా. శుభ్రత కోసం.”

“పాలాయన కూడా పేడ తొక్కిన కాళ్లతోనే వస్తాడు. ఆయనకు మన స్టీలు గ్లాసులోనే ఇస్తారు కదా?”

శరణులారా! నాకు సమాధానము తోచలేదు. ఆ గ్లాసును అచట పెట్టినది మా తల్లిగారు. ఆమె లింగైక్యము చెంది తొమ్మిది సంవత్సరములైనది. ఆమె పోయిన పిదప యింటిలో ఎన్నియో మార్పులు జరిగినవి. కట్టెల పొయ్యి పోయినది, పాత మంచములు పోయినవి, గోడలకు రంగులు మారినవి. ఆ గ్లాసు మాత్రము కదలలేదు. దానిని ఉంచవలెనని మేము నిర్ణయింపలేదు. తీసివేయవలెనని కూడ తలంపలేదు. వక్షమున ఇష్టలింగమును ధరించి, ఏటేట బసవ జయంతినాడు వేదిక నెక్కి సమానత్వమును గూర్చి ప్రసంగించువాడను నేను. ఆ ప్రసంగము మా యింటి ముందు గదివరకు వచ్చినది గాని, పెరటి గోడవరకు రాలేదు.

మన తెలుగువారికి ఈ విషయమున ఒక ప్రత్యేకమైన బాధ్యత కలదు. బసవేశ్వరుని చరిత్రను పురాణముగా సంతరించినవాడు మన పాల్కురికి సోమనాథుడు. సామాన్యులకు తెలియు జానుతెనుగున, ద్విపద ఛందస్సున బసవపురాణమును రచించెను. కన్నడమున భీమకవి బసవపురాణము 1369లో వెలసినది ఈ తెలుగు గ్రంథము ననుసరించియే. ఆ బసవపురాణమున మాదర చెన్నయ్య కథ కలదు. మనమందరము విన్న కథయే. ఇప్పుడు ఆ గ్లాసును ఎదుట పెట్టుకొని మరియొకసారి విందము.

చెన్నయ్య మాదిగ కులమున పుట్టినవాడు. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చి బ్రదుకువాడు. గొప్ప శివభక్తుడు, కాని తన భక్తిని ఎవరికిని తెలియనీయక దాచుకొనినవాడు. ఒకనాడు అంబలి కాచి శివునకు నివేదించెను. శివుడు ఆ గుడిసెకు వచ్చి, ఆ అంబలిని చెన్నయ్యతో గూడి ఆరగించెను. ఆనాడు రాజు పంపిన షడ్రసోపేతమైన నైవేద్యము ఆలయమున అట్లే మిగిలిపోయినది. రాజు దుఃఖించి కారణ మడుగగా, చెన్నయ్య యింట తాను తృప్తిగా భుజించితినని శివుడు చెప్పెను. రాజు వెదకికొనుచు పోయి చెన్నయ్య పాదములపై వ్రాలెను.

ఈ కథలో మనము సాధారణముగా భక్తి మహిమను మాత్రమే చూతుము. పాత్రను చూడము. శివుడు ఆ గుడిసెలో వేరు పాత్ర అడుగలేదు. ఎవరింట నుండి వచ్చిన అంబలి అని విచారింపలేదు. బసవేశ్వరుడు తన వచనములలో తన్ను ఆ చెన్నయ్య యింటి బిడ్డగా చెప్పికొనెను. బ్రాహ్మణ కుటుంబమున జనించి, కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారియైన మహనీయుడు తన వంశమును చెన్నయ్యతో కలుపుకొనెను. బసవన్న మనకు తండ్రియైనచో చెన్నయ్య మనకు తాత. తాతగారి బంధువులకు గోడమీద వేరు గ్లాసు పెట్టిన మనుమలము మనము.

కల్యాణ నగరమున అనుభవ మంటపమునందు కూర్చుండినవారు ఎవరెవరు? బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, చెప్పులు కుట్టు హరళయ్య. వాకిలి యూడ్చుటయే కాయకముగా గల సత్యక్క కూడ మన శరణులలో ఒకతె. ఆమె చీపురును మనము వచన సాహిత్యములో పూజింతుము. మన వీధిలో చీపురు పట్టిన స్త్రీని పేరు పెట్టి పిలువము. పదునాలుగు సంవత్సరములలో నేను ఆమె పేరు అడుగలేదు. “ఏమమ్మా” అనియే పిలిచితిని.

ఇచట ఒక అపార్థమును తొలగింపవలసియున్నది. కాయకము పవిత్రమనినచో, మురుగు తీయుట కూడ పవిత్రమే, కావున ఆ కులమువారు దానిని ఆనందముగా చేసికొనవలెను అని వాదించువారు కలరు. ఇది శరణుల మాటను తలక్రిందులు చేయుట. కాయకమనగా మనుష్యుడు తన మనసారా స్వీకరించి, తన చెమటతో చేసి, దాని ఫలమును దాసోహమునకు అర్పించునది. పుట్టుకచేత మెడకు కట్టబడినది కాయకము కాదు, అది వెట్టి. ఊపిరి తీయునది కాయకము కాదు, అది హత్య. శరణులు పనికి గౌరవము నిచ్చినది పనివానిని అందు బంధించుటకు కాదు. పనినిబట్టి మనిషి విలువ కట్టు త్రాసును విరుచుటకు.

ఆ త్రాసును విరుచుటకు వారు చెల్లించిన మూల్యము ఎంత! బ్రాహ్మణుడై శరణుడైన మధువరసు కుమార్తెకును, చర్మకారుడైన హరళయ్య కుమారునకును కల్యాణమున వివాహము జరిగినది. పండ్రెండవ శతాబ్దమున ఆ వివాహము రాజ్యమునే కదలించినది. ఆ తండ్రు లిరువురికిని బిజ్జలుడు మరణదండన విధించెను. శరణులు చెల్లాచెదరైరి. వారు ప్రాణములిచ్చిన చోట మనము గ్లాసును మార్చుటకు సందేహించుచున్నాము.

ఇది పాతకాలపు గాథ, నేడు చట్టములున్నవి కదా అని కొందరనవచ్చును. చట్టములున్న మాట నిజము. రాజ్యాంగము 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో దానిని శిక్షార్హము చేయుచు చట్టము వచ్చినది. మనుష్యులచే మలమెత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, మరల 2013లో అంతకంటె కఠినమైన చట్టము వచ్చినవి. 1993 నుండి మురుగు కాలువలలో దిగి మరణించిన ప్రతివాని కుటుంబమునకును 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును 30 లక్షలకు పెంచినది.

అయినను మరణములు ఆగలేదు. 2019 మొదలు 2023 వరకు మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రము చేయుచు 377 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వము 2024లో పార్లమెంటునకు తెలిపినది. ఆ పనిచేయు సుమారు 38,000 మంది వివరములను ప్రభుత్వము నమోదు చేయగా, వారిలో దాదాపు 69 శాతము షెడ్యూల్డు కులములవారే. ఆ గొయ్యిలోనికి దిగు నిచ్చెనకు కులము తెలియును.

ఆ మరణము ఎట్లు వచ్చునో తెలిసికొనుట మనకు అవసరము. మూసియున్న గొయ్యిలో మలము కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను మొదలగు వాయువులు పుట్టును. మూత తీసిన వెంటనే దిగినవానికి ఒకటి రెండు ఊపిరులలోనే స్పృహ తప్పవచ్చును. పైనున్నవాడు, అతని అన్నయో తమ్ముడో, రక్షించుటకు దిగును. అతడును తిరిగి రాడు. ఒకే గొయ్యిలో ఇద్దరు ముగ్గురు మరణించుటకు కారణ మిదియే.

కర్ణాటకమున కోలారు బంగారు గనుల ప్రాంతమున దళిత కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్ ఈ దురాచారముపై జీవితమంతయు పోరాడుచున్నాడు. పేదల పక్షమున నిలిచిన ఐ.ఏ.ఎస్. అధికారిగా మన రాష్ట్రమున పేరుగాంచిన ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమమునకు తోడుగా నిలిచెను. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. వారి పేర్లు మన బసవ జయంతి సభలలో వినబడవు. వినబడవలెను.

వాతావరణము, నిరుద్యోగము, యంత్రముల రాక, ఇవి చిన్న సవాళ్లా అని మీరడుగవచ్చును. చిన్నవి కావు. నేనును మొదట వానినే వ్రాయుమంటిని కదా! కాని ఒక్క విషయము గమనింపుడు. ఎండలు ముదిరినపుడు ఆ ఎండ మొట్టమొదట ఎవరిమీద పడును? మధ్యాహ్నము వీధి యూడ్చు స్త్రీమీద. యంత్రములు ఉద్యోగములను మ్రింగునని చదువుకొన్నవారు భయపడుచున్నారు. ఆ యంత్రము నిజముగా అవసరమైన మురుగు గొయ్యికి మాత్రము అది అన్నిటికంటె ఆలస్యముగా వచ్చుచున్నది. ఏలయనగా అచట దిగు ప్రాణము చవకయని మనము నమ్ముచున్నాము. ఏ సవాలును పట్టి లాగినను వేరు ఇచటికే వచ్చును. చేయు పనినిబట్టి మనిషిని తక్కువ చేయుట, ఆ తక్కువ చేయుట మన యింటిలోనే జరుగుచున్నను కానలేకపోవుట. ఇదియే గొప్ప సవాలని నా మనవి. తక్కిన సవాళ్లను ఎదుర్కొనుటకు ప్రభుత్వములు కావలెను, శాస్త్రజ్ఞులు కావలెను. దీనిని ఎదుర్కొనుటకు పెరటి తలుపు తెరచిన చాలును. అందుచేతనే ఇది అన్నిటికంటె కష్టము.

ఇక మా యింట జరిగినది చెప్పెదను. మరునాడు నేను ఆ సత్తు గ్లాసును తీసివేసితిని. ఆమె రాగానే ముందు వసారాలో కుర్చీ వేసి కూర్చుండుమంటిని. ఆమె కూర్చుండలేదు. “ఇక్కడ బాగానే ఉందయ్యా” అని మెట్టు క్రిందనే నిలిచినది. మా యింటావిడ స్టీలు గ్లాసులో టీ తెచ్చి చేతికిచ్చినది. ఆమె నిలుచుండియే త్రాగి, ఆ గ్లాసును కుళాయివద్ద తానే కడిగి, పిట్టగోడమీద బోర్లించి పోయినది. నా కన్నులు చెమర్చినవి. పదునాలుగు సంవత్సరములలో మేము ఆమెకు నేర్పిన పాఠమును ఆమె ఒక్క దినమున మరచునా? మేము చేసినది ఉపకారము కాదు. బాకీలో మొదటి పైసా. ఆనాడు పేరు అడిగితిని. చెప్పినది. నేటికిని ఆమె ఇంకను కుర్చీలో కూర్చుండలేదు. మెట్టుమీద మాత్రము కూర్చుండుచున్నది.

మా బిడ్డ తన 50 మాటలు వ్రాసినది. ఆ కాగితమును నాకు చూపినది. దాని సారాంశమిది. మా యింటి పెరటి గోడమీద ఒక గ్లాసు ఉండెడిది, సమానత్వమును బోధించు కుటుంబము మాది, ఆ గ్లాసు మాకు కనబడలేదు, సమాజమునకు గొప్ప సవాలు తెలియకపోవుట కాదు, తెలిసినది పెరటివరకు చేరకపోవుట. నేను చదివి సిగ్గుపడితిని. “ఇంటి గుట్టు పరదేశమునకు పంపుదువా” అను మాట నాలుకమీదికి వచ్చి ఆగిపోయినది. వ్యాకరణ దోషమేమైన ఉన్నదా అని మాత్రము చూచి తిరిగి ఇచ్చితిని. ఒక్కటి మాత్రము చెప్పితిని: “అమ్మా, ఆమె కష్టాన్ని నీ సీటుకు మెట్టుగా చేసుకోవద్దు. రాసినదాన్ని బ్రతుకులో చూపించు.” దానికి ఆ బిడ్డ, “పెదనాన్నా, ఆమె గురించి నేనేం రాయలేదు. మన గురించే రాశాను” అన్నది. ప్రవేశము దొరకునో దొరకదో శివునకు ఎఱుక. ఆ ప్రశ్నకు సమాధానము మాత్రము మా యింట దొరకినది.

శరణ బంధువులారా! ఈ పత్రికను చదువు ప్రతి కుటుంబమునకును నా విన్నపములు నాలుగు.

మొదటిది. నేడే మీ పెరటిలోనికి పోయి చూడుడు. గోడమీద గ్లాసు, గూటిలో ఆకు, మెట్టు క్రింద చెప్పని గీత, ఏదైన ఉన్నచో తీసివేయుడు. లేదనినచో మరియొకసారి చూడుడు. నాకును లేదనియే తోచెడిది.

రెండవది. మీ యింటి సెప్టిక్ ట్యాంకు నిండినపుడు మనిషిని దింపకుడు. యంత్రము గల బండిని పిలువుడు. ఖరీదు కొంత హెచ్చయినను ఇయ్యుడు. రక్షణ సాధనములు లేక మనిషిని దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకే రెండేండ్లవరకు జైలు గాని, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇది గుత్తేదారునకు మాత్రమే కాదు, దింపిన వారెవరికైనను వర్తించును. చట్టమునకు వెరచి కాదు, చెన్నయ్యను తలచి మానుడు.

మూడవది మఠములకు. పూజ్యులైన స్వాములవారి పాదములకు నమస్కరించి విన్నవించుచున్నాను. దాసోహపు పంక్తి శరణుల మహా సృష్టి. ఆ పంక్తిలో మఠపు వాకిలి నూడ్చినవారు, మరుగుదొడ్లు కడిగినవారు ఎచట కూర్చుండుచున్నారు? అందరు లేచిన పిదపనా, అందరితో కూడనా? ఒక్క బసవ జయంతినాడైనను వారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి, స్వాములవారు తమ హస్తములతో వడ్డించినచో, అది నూరు ఉపన్యాసములకు సమానము. పిదప అది ప్రతిదినపు ఆచారము కావలెను.

నాలుగవది నావంటి ఉపాధ్యాయులకు. పిల్లలు ప్రశ్న తెచ్చినపుడు సురక్షితమైన సమాధానమును చేతిలో పెట్టకుడు. మనము మూసిన తలుపును వారు తట్టుచుండవచ్చును.

ఎనిమిది వందల సంవత్సరములకు పూర్వము కల్యాణమున ఒక ప్రశ్న అడుగబడినది. దానికి శరణులు మాటలతో గాక బ్రదుకులతో సమాధానమిచ్చిరి. ఆ ప్రశ్నయే నేడు ఒక దరఖాస్తు కాగితముమీద, సముద్రములు దాటి, ఒక చిన్నబిడ్డ చేతిలో మనయింటికి వచ్చినది. 50 మాటలు చాలునా అని ఆ బిడ్డ బెంగపడినది. చెప్పుటకు 50 చాలును. చేయుటకు ఒక్కటి చాలును. “రా అమ్మా, కూర్చో.”

ఆ మాటను వెలితి లేని మనస్సుతో పలుకు శక్తిని కూడలసంగమ దేవుడు మనకందరకు ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.